పరిశోధనా పత్రమా, పాత పుస్తకమా: ఏ రిపాజిటరీలో వెతకడం మేలు?

పరిశోధనా పత్రాలు, పుస్తకాలు, డేటా దాచి ఇంటర్నెట్‌లో అందించే నిల్వలన్నిటినీ అకడమిక్ రిపాజిటరీ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ లోపల అవి నాలుగైదు రకాలు. విశ్వవిద్యాలయాలు తమ వాళ్ల రచనల కోసం నడిపేవి కొన్ని. ఆర్‌కైవ్, పబ్‌మెడ్ సెంట్రల్ లాంటివి కొన్ని శాస్త్రాలకే పరిమితం. జెనోడోలో ఏ రంగం వాళ్లయినా దాచుకోవచ్చు. పాత పుస్తకాల స్కాన్లకు హాతీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. వీటిలో ఏది పెద్దదని చూసి మొదలుపెడితే సగం రోజు వృథా. మీకు కావలసింది ఏ రకం పత్రం, దాని ఏ వెర్షన్‌ను ఉటంకించబోతున్నారు అన్నవి ముందు తేల్చుకోండి. ఎక్కడికి వెళ్లాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

కొత్త పేపర్లకు

భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ అయితే ఆలోచించక్కర్లేదు, ఆర్‌కైవ్‌దే పైచేయి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఈ ప్రిప్రింట్ల (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టే పేపర్ల) నిల్వను ఇప్పుడు చూస్తే అన్నిటికంటే మెచ్చుకోవలసింది దాని నంబర్ల పద్ధతి. 1706.03762 అనే నంబరు తీసుకోండి. మొదటి నాలుగు అంకెలు 2017 జూన్ అని చెబుతాయి, చుక్క తర్వాతిది ఆ నెలలో వరుస సంఖ్య. ఆ పేపరుకే 2023లో ఏడో వెర్షన్ వచ్చింది. నంబరు మాత్రమే రాసి వదిలేస్తే చదివేవారికి తెరుచుకునేది చివరి వెర్షన్. మీరు చదివింది మొదటిదైతే మీరు చెప్పిన సమీకరణం అక్కడ వేరేగా ఉండొచ్చు. అందుకే నంబరు చివర వీ1, వీ2 అన్న గుర్తు తప్పక రాయాలి. రచయిత పేపరును వెనక్కి తీసుకున్నా పాత వెర్షన్లు చెరిగిపోవు. అయితే అక్కడ మోడరేటర్లు చూసేది పేపరు ఆ రంగానికి చెందిందా, పరిశోధనా పత్రంలా ఉందా అన్నంతవరకే. అది నిపుణుల సమీక్ష కాదు.

వైద్యం, జీవశాస్త్రాలకు పబ్‌మెడ్ సెంట్రల్ నయం. చూసుకోవలసిందల్లా, పైన ‘రచయిత రాతప్రతి’ అన్న గుర్తు ఉందా లేదా అని. ఉంటే అది సమీక్ష దాటిన ప్రతే గానీ జర్నల్ దిద్ది అచ్చువేసింది కాదు. పేజీ నంబర్లు జర్నల్‌తో కలవవు, కాబట్టి అలాంటి ప్రతి నుంచి ఉటంకించేటప్పుడు పేజీకి బదులు విభాగం పేరు రాయడం క్షేమం.

థీసిస్‌లు, నివేదికలు, సంస్థల పాత కాగితాలు

ఇక్కడ విశ్వవిద్యాలయ రిపాజిటరీకి సాటి లేదు. తికమక కూడా ఇక్కడే ఎక్కువ. డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాలు, సదస్సు పత్రాలు, ఎక్కడా అచ్చుకాని సర్వే నివేదికలు, సంస్థ తొలినాళ్ల వార్షిక నివేదికలు, ఎవరో ఆచార్యుడి ఉత్తరాల కట్టలు అన్నీ ఒకే చూరు కింద ఉంటాయి. వీటిలో చాలావాటికి మరో ప్రతి దొరకదు.

ఎక్కువ సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్ డీస్పేస్. 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చాయి. దానికి రెండేళ్ల ముందే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి ఈప్రింట్స్ వచ్చింది. డీస్పేస్‌లో జనం ఎక్కువగా పొరబడేది తేదీ దగ్గర. ఒక రికార్డుకు కనీసం మూడు తేదీలుంటాయి: పత్రం వెలువడిన తేదీ, రిపాజిటరీలో చేరిన తేదీ, జనానికి అందుబాటులోకి వచ్చిన తేదీ. 1962 నాటి నివేదికను 2014లో స్కాన్ చేసి ఎక్కించారనుకోండి. ఎక్కించినవారు వెలువడిన తేదీ గడిలో కూడా 2014 అనే కొట్టేసి ఉండొచ్చు. రిఫరెన్స్ మేనేజర్ (గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఆ అంకెనే నమ్మి తెచ్చుకుంటుంది, యాభై ఏళ్ల నాటి నివేదిక మీ గ్రంథసూచిలో కొత్తదైపోతుంది. రికార్డు పేజీలో పూర్తి వివరాల లింకు నొక్కి మూడు తేదీలూ చూడండి, ఆపైన పీడీఎఫ్ తెరిచి ముఖపత్రం మీది ఏడాదితో సరిపోల్చండి. తేడా వస్తే ముఖపత్రానిదే చివరి మాట.

రెండోది లింకు. పీడీఎఫ్ తెరుచుకున్నాక బ్రౌజరులో కనిపించే చిరునామాను కాపీ చేయకండి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ముందు విరిగేది ఆ ఫైలు చిరునామాయే. రికార్డు పేజీలో ఇచ్చిన హ్యాండిల్, అంటే మారకుండా ఉండేందుకు పత్రానికి ఇచ్చే చిరునామా, రాసుకోవాలి. అందులోనూ ఒక మెలిక ఉంది. హ్యాండిల్‌లో 123456789 అని కనిపిస్తే అది శాశ్వత గుర్తింపు కానే కాదు. డీస్పేస్ స్థాపించినప్పుడు నమూనాగా వచ్చే అంకె అది. సొంత నంబరు నమోదు చేయించుకోని రిపాజిటరీలన్నిటిలోనూ అదే వరస కనిపిస్తుంది. అలాంటిచోట సంస్థ పేరు, సేకరణ పేరు, శీర్షిక, చూసిన తేదీ పూర్తిగా రాసి, ఫైలు ప్రతి ఒకటి మీ దగ్గర దాచుకోవడమే దారి.

రికార్డు ఉండి ఫైలు తెరుచుకోకపోతే చాలావరకు కారణం ఎంబార్గో, అంటే ప్రచురణకర్తో రచయితో పెట్టిన గడువు. ఎత్తివేసే తేదీ రికార్డులోనే ఉంటుంది. ‘ప్రతి కోసం అడగండి’ అన్న బటన్ డీస్పేస్‌లోనూ ఈప్రింట్స్‌లోనూ ఉంది గానీ ఆ అభ్యర్థన రచయిత పాత మెయిల్‌కు వెళ్లి ఆగిపోవడం మామూలే. వారం చూసి గ్రంథాలయానికే నేరుగా రాయండి.

డేటా, కోడ్ అయితే

జెనోడో. 2013 నుంచి యూరప్ కణభౌతిక పరిశోధనా సంస్థ సెర్న్ నడుపుతోంది. ఒక్కో రికార్డుకు మామూలుగా 50 జీబీ వరకు ఎక్కించవచ్చు, డీఓఐ (ఫైలుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) వెంటనే వస్తుంది. ప్రతి వెర్షన్‌కు ఒక డీఓఐ, అన్ని వెర్షన్లకూ కలిపి మరొకటి ఉంటాయి. విశ్లేషణకు వాడిన డేటా అయితే ఆ వెర్షన్ డీఓఐ ఇవ్వాలి, లేకపోతే రేపు మీ లెక్కను మళ్లీ వేసి చూసేవారికి వేరే ఫైలు అందుతుంది. డీఓఐ ఉంది కదా అని నాణ్యతకు పూచీ అనుకోవద్దు, అక్కడ ఎవరైనా ఎక్కించవచ్చు.

పాత పుస్తకాలకు: హాతీట్రస్టా, ఇంటర్నెట్ ఆర్కైవా?

వివరాల నమ్మకం చూస్తే హాతీట్రస్ట్. దానికి పుస్తకాలూ కేటలాగు వివరాలూ గ్రంథాలయాల నుంచే వస్తాయి, కాబట్టి సంపుటాల వరుస, ముద్రణ ఏడాది చాలావరకు సరిగా ఉంటాయి. కాపీరైట్ వల్ల చూపించని పుస్తకాల్లో కూడా మాట వెతకనిస్తుంది: పాఠం చూపదు, ఏ పేజీల్లో ఎన్నిసార్లు వచ్చిందో చెబుతుంది. ఏ పుస్తకం తెప్పించుకోవాలో తేల్చుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదనే చెప్పాలి. చిక్కల్లా దింపుకోవడంలో. గూగుల్ స్కాన్ చేసినవాటిని మొత్తంగా దింపుకోవాలంటే సభ్య సంస్థ లాగిన్ కావాలి. పైగా అమెరికాలో తెరుచుకునే కొన్ని పుస్తకాలు ఇతర దేశాల్లో తెరుచుకోవు.

చేతికి ఫైలు కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్. పీడీఎఫ్‌తో పాటు విడి పాఠం, చాలా పుస్తకాలకు పేజీల అసలు బొమ్మలు కూడా ఇస్తుంది. పీడీఎఫ్‌లో అక్షరం అలుక్కుపోయి కనిపిస్తే ఆ బొమ్మల జిప్ ఫైలు దించి చూడండి, చాలాసార్లు చదవగలిగేలా ఉంటుంది. మడత పటాలున్న పుస్తకమైతే రెండుచోట్లా చూడాల్సిందే. గూగుల్ స్కాన్లలో మడత విప్పకుండానే తీసిన పటాలు కొల్లలు. కాకపోతే ఆర్కైవ్‌లోకి ఎవరైనా ఎక్కించవచ్చు, శీర్షికలో ఒక సంపుటం పేరుండి లోపల ఇంకొకటి ఉండటం అరుదేమీ కాదు.

పేజీ నంబరు దగ్గర రెండూ బోల్తా కొట్టిస్తాయి. హాతీట్రస్ట్ చిరునామాలో ‘సీక్’ పక్కనున్నది స్కాన్ బొమ్మ వరుస సంఖ్య, అట్ట నుంచి లెక్క. ఆర్కైవ్ చిరునామాలో అంకెకు ముందు ‘ఎన్’ ఉంటే అదీ బొమ్మ లెక్కే. ఉటంకింపులో రాయవలసింది కాగితం మీద అచ్చయిన నంబరు.

ఓసీఆర్‌ను, అంటే స్కాన్ బొమ్మలోంచి యంత్రం చదివిన పాఠాన్ని, నమ్మి ‘లేదు’ అని తేల్చేయకండి. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ అచ్చులో పొడుగు ‘ఎస్’ను యంత్రం ‘ఎఫ్’గా చదువుతుంది, రెండు కాలమ్‌ల పేజీని అడ్డంగా కలిపేస్తుంది. ‘ఎస్’ ఉన్న మాటను ‘ఎఫ్’ పెట్టి కూడా వెతకాలి.

అన్నిటినీ ఒకేసారి వెతకాలంటే

బేస్, కోర్ అనే సేవలు వేలాది రిపాజిటరీల రికార్డులను పోగుచేసి చూపిస్తాయి. పేపర్లకు, థీసిస్‌లకు ఇవి చాలు. ఉత్తరాలు, సమావేశాల మినిట్స్, చేతిరాత పుస్తకాల దగ్గర మాత్రం చేతులెత్తేస్తాయి. అలాంటివాటికి రికార్డులో శీర్షికగా ‘పెట్టె 14, ఫోల్డర్ 3’ అని తప్ప ఏమీ ఉండదు, చేతిరాతను ఓసీఆర్ సరిగా చదవలేదు, ఇక మీరు వెతికే మనిషి పేరు సూచికలోకి ఎలా ఎక్కుతుంది? వీటికోసం వెతుకుడు పెట్టెను వదిలి, ఆ సంస్థ రిపాజిటరీలో సేకరణల జాబితా తెరవండి. సేకరణ వివరణలో ఏ ఏళ్లవో, ఎవరి కాగితాలో చూసి, ఆ కాలానికి సరిపడే ఫోల్డర్లను ఒక్కొక్కటిగా తిరగేయాలి.