హడ్-వాష్ వోచర్: మాజీ సైనికుడితో పాటు కుక్కకీ చోటు దొరకాలంటే

అమెరికాలో తలదాచుకునే చోటు లేని మాజీ సైనికుల కోసం నడుస్తున్న సేవల్లో మొదట తట్టాల్సిన తలుపు హడ్-వాష్‌దే. గృహవసతి చూసే హడ్ శాఖ అద్దె వోచర్ ఇస్తుంది, మాజీ సైనికుల బాగోగులు చూసే వీఏ శాఖ వెన్నంటి ఉండి సాయం చేసే కేస్ మేనేజర్‌ను ఇస్తుంది. ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెకు కడితే, మిగతాది ఒక పరిమితి దాకా వోచర్ భరిస్తుంది. పాత అద్దె బాకీలున్నాయనో, పాత కేసులున్నాయనో, వోచర్లు జారీ చేసే స్థానిక హౌసింగ్ అథారిటీ దాన్ని ఆపకూడదు. జీవితాంతం లైంగిక నేరస్థుల జాబితాలో ఉన్నవాళ్ళకే అది దక్కదు. ఈ ఒక్క నిబంధనకే దీనికి మంచి మార్కులు వేయొచ్చు.

ఇల్లు లేని మాజీ సైనికుల కోసం వీఏ నడిపే 877-424-3838కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, 24 గంటలూ పలుకుతారు. సైన్యం నుంచి విడుదలైనట్టు ఇచ్చే డీడీ-214 కాగితం దగ్గరుంటే పని త్వరగా కదులుతుంది. పోయినా ఫర్వాలేదు, సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. డిశ్చార్జి 'అదర్ దేన్ ఆనరబుల్' (గౌరవప్రదం కాని విడుదల) అని ఉంది కదా, మనకెక్కడిస్తారులే అని చాలామంది అసలు అడగరు. అలాంటివాళ్ళకీ ఇప్పుడు అర్హత ఉంది.

అసలు తిప్పలు వోచర్ చేతికొచ్చాకే. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 120 రోజులిస్తారు. హౌసింగ్ అథారిటీ చూసీచూడనట్టు వదిలేసిన పాత బాకీలను ఇంటి ఓనరు మాత్రం తవ్వుతాడు. అడ్వాన్సుకు వోచర్ డబ్బు రాదు, దానికి ఎస్ఎస్‌వీఎఫ్ అనే మరో వీఏ పథకాన్ని అడగాలి. అన్నీ కుదిరాక ఇన్‌స్పెక్షన్. పనిచేయని స్మోక్ అలారం, గొళ్ళెం పడని కిటికీ, ఆరేళ్ళలోపు పిల్లలున్న కుటుంబమైతే 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడే రంగు ఉంటే అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడే అలారం బటన్ నొక్కి, కిటికీలు వేసి తీసి చూడాలి.

ఇక కుక్క సంగతి. ఇళ్ళు అద్దెకివ్వడంలో వివక్షను అడ్డుకునే ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం వికలాంగుడికి సాయపడే జంతువు పెంపుడు జంతువు కాదు. పెట్ డిపాజిట్, నెలనెలా పెట్ రెంట్, జాతి, బరువు ఆంక్షలేవీ దానికి వర్తించవు. అది నిజంగా ఏదైనా పాడుచేస్తే ఆ ఖర్చు మాత్రం అడగొచ్చు. వైకల్యం కంటికి కనిపించనప్పుడు ఓనరు డాక్టరు లేఖ అడగొచ్చు. వైకల్యం ఉందని, ఈ కుక్క ఫలానా విధంగా తోడ్పడుతుందని ఉంటే చాలు, జబ్బు పేరు రాయించక్కర్లేదు. డబ్బు కట్టగానే ఆన్‌లైన్‌లో వచ్చే 'రిజిస్ట్రేషన్' కార్డు, కుక్కకు తొడిగే మెరిసే కోటు దండగ. వాటిని చూపిస్తే ఓనరుకు అనుమానం పెరుగుతుంది తప్ప పని జరగదు.

నోటిమాటగా అడిగితే తర్వాత రుజువుండదు. మినహాయింపు కావాలని ఈమెయిల్‌లో అడిగి, కాపీ కేస్ మేనేజర్‌కు పంపాలి. మనవాళ్ళలో అక్కడ ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళూ తక్కువేం కాదు, 'నో పెట్స్' అని లీజులో రాసుకున్నాం కదా అంటే చెల్లదు. నాలుగు లేదా అంతకన్నా తక్కువ పోర్షన్లున్న ఇంట్లో ఓనరు కూడా ఉంటుంటే మాత్రం ఫెడరల్ చట్టం ఆ ఓనరుకు మినహాయింపునిస్తుంది, కొన్ని రాష్ట్రాల చట్టాలు అదీ ఇవ్వవు. అన్యాయంగా కాదంటే ఏడాదిలోపు హడ్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు.

ఈ సేవలో కొట్టొచ్చినట్టు కనిపించే లోపం కేస్ మేనేజర్లు మారిపోతుండటం. కొత్తవాళ్ళు రాగానే లేఖ, ఈమెయిళ్ళు, వోచర్ గడువు తేదీ మళ్ళీ పంపి, అందాయని జవాబు తెప్పించుకోవాలి.