సాలిస్‌బరీ కేథడ్రల్‌కి ఒక రోజంతా ఇవ్వండి, గది మాత్రం చూసి తీసుకోండి

లండన్ నుంచి స్టోన్‌హెంజ్‌కి, అంటే ఆదిమకాలపు పెద్ద రాళ్ల వలయానికి, తీసుకెళ్లే ప్యాకేజీ బస్సుల్లో కొన్ని దారిలో సాలిస్‌బరీ ఊళ్లో కాసేపు ఆపి, అక్కడి కేథడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) చూసి రమ్మంటాయి. ఆ కాసేపటిని నమ్ముకుని వెళ్లకండి. నేను అమ్మానాన్నల్ని లండన్ వాటర్‌లూ స్టేషన్ నుంచి రైల్లో తీసుకెళ్లాను, దాదాపు గంటన్నర ప్రయాణం, హాయిగా సాగింది.

ముందు గది సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఊరి మధ్యలో ఓ గెస్ట్‌హౌస్. ముగ్గురికి ఫ్యామిలీ రూమ్, బ్రేక్‌ఫాస్ట్‌తో సహా అని రాసి ఉంటే 134 పౌండ్లు ముందే కట్టాను. తీరా వెళ్తే ఒక డబుల్ బెడ్, దాని పక్కన తలుపు కూడా పూర్తిగా తెరుచుకోకుండా ఇరికించిన మడత మంచం. రాత్రి 9:30కి హీటింగ్ ఆపేశారు. ఏప్రిల్ నెల, బయట వాన, అమ్మ స్వెటర్ మీద శాలువా, దాని మీద నా కోటు కప్పుకుని తెల్లవార్లూ మూలుగుతూనే ఉంది. కిందికెళ్లి అడిగితే ఇక్కడి రూల్ అంతే అన్నారు. పొద్దున బ్రేక్‌ఫాస్ట్‌కి మనిషికి 11.50 చొప్పున 34.50 పౌండ్లు బిల్లు వేశారు, బుకింగ్ చూపిస్తే అది పాత ఆఫరట! నేను గొంతు పెంచేసరికి నాన్న "పోనీలేమ్మా, చర్చి తెరిచే టైమైంది" అని బయటికి లాక్కొచ్చారు. డబ్బు వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టాను, ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు. ఆ ఊళ్లో గది తీసుకునేటప్పుడు హీటింగ్ ఎన్నింటి దాకా ఉంటుందో, బ్రేక్‌ఫాస్ట్ ధరలో కలిసుందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఆ చిరాకంతా కేథడ్రల్ గేటు దాటగానే పోయింది. టికెట్ మనిషికి పది పౌండ్ల పైచిలుకు, నా దృష్టిలో చవక. నాన్న సాగర్ కాలువల మీద పనిచేసి రిటైరైన ఇంజనీరు, ఆయన్ని గుళ్లూ గోపురాలూ అంతగా కదిలించవు. అక్కడ వాలంటీర్ గైడు ఒక పెద్దాయన, నేలలో ఉన్న చిన్న మూత తీసి, పొడవాటి కర్ర దించి, పైకి తీసి తడి చూపించారు. మన బావిలో తాడు వేసి నీళ్లెంతున్నాయో చూసినట్టే. ఈ కట్టడం పునాది లోతు సుమారు 4 అడుగులే! కింద గులకరాళ్ల పొర, అందులో నీళ్లు. ఆ నీటిమట్టం మరీ పడిపోతే పునాదికి ముప్పు కాబట్టి ఇప్పటికీ కొలుస్తూ ఉంటారు. నాన్న ఆ మూత దగ్గరే నిలబడిపోయారు, ప్రశ్న మీద ప్రశ్న, నేను మధ్యలో ఇంగ్లిష్ చేసి చెప్పడం.

పాత కేథడ్రల్ రెండు మైళ్ల అవతల ఓల్డ్ సారమ్ కొండ మీద ఉండేది. అక్కడ నీటి కరువు, పైగా కోట సైనికులతో గొడవలు. అందుకని బిషప్ రిచర్డ్ పూర్ 1220లో కింద నది పక్కన కొత్త దానికి శంకుస్థాపన చేశారు. 1258కల్లా ప్రధాన భాగం ప్రతిష్ఠ జరిగిపోయింది. మొనదేలిన తోరణాల గోతిక్ శైలిలో కట్టిన మిగతా చర్చిలు చాలావరకు వందల ఏళ్లు సాగి తలో శతాబ్దం పోకడా కలిపేసుకున్నాయి, ఇది 38 ఏళ్లలో లేచింది కాబట్టి లోపల అంతా ఒకే చేతి పనిలా ఉంటుంది. సన్నటి మొనదేలిన కిటికీలు, బూడిదరంగు రాయి, దానికి ఆనుకుని నల్లగా నున్నగా పర్బెక్ అనే రకం రాతి స్తంభాలు. అలంకారం తక్కువ, నాకదే నచ్చింది.

అసలు సాహసం తర్వాత జరిగింది. 14వ శతాబ్దం మొదట్లో ఈ 4 అడుగుల పునాది మీదే ఎత్తైన టవరు, దాని మీద రాతి శిఖరం కట్టారు. మొత్తం 123 మీటర్లు, బ్రిటన్‌లో ఇంత ఎత్తు చర్చి శిఖరం ఇంకోటి లేదు. అదనపు బరువు దాదాపు 6,500 టన్నులు. నడిమధ్యలో నిలబడి తలెత్తి చూస్తే, బరువు మోస్తున్న పెద్ద స్తంభాలు వంగి ఉండటం మామూలు కంటికే తెలుస్తుంది. 1668లో పేరున్న వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ వచ్చి కొలిస్తే శిఖరం సుమారు 70 సెంటీమీటర్లు ఒరిగి ఉందని తేలింది. "ఇప్పుడైతే డిజైన్ ఆఫీసులో ఎవడూ సంతకం పెట్టడు" అన్నారు నాన్న, కానీ ఆ మాటలో మెచ్చుకోలే ఎక్కువ.

టవర్ టూర్‌కి విడిగా టికెట్, ముందే బుక్ చేసుకోవాలి, 332 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లొద్దు. శిఖరం మొదట్లో నిలబడి పైకి చూస్తే లోపల మధ్యయుగం నాటి కర్రల చట్రం ఇంకా అలాగే ఉంది. మేం ఎక్కినంతసేపూ అమ్మ గాజు కప్పున్న క్యాంటీన్‌లో కూర్చుని, 7.95 పౌండ్ల సూప్‌లో కారం లేదని విసుక్కుంది.

రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పంద పత్రం మాగ్నా కార్టా ప్రతి ఒకటి చాప్టర్ హౌస్‌లో (చర్చి పెద్దలు సమావేశమయ్యే గదిలో) ఉంది, అక్కడ ఫొటోలు తీయనివ్వరు. ముళ్లూ అంకెలూ ఉండే ముఖమే లేని 1386 నాటి గడియారాన్ని చాలామంది పట్టించుకోకుండా దాటిపోతున్నారు, గంటలు కొట్టడమే దాని పని, కాసేపు ఆగి చూడండి. సాయంత్రం ప్రార్థనకు టికెట్ లేదు, ఎవరైనా కూర్చోవచ్చు, అమ్మకి రోజంతట్లో నచ్చింది ఆ ప్రార్థనలో పిల్లలు పాడిన పాటే. స్టోన్‌హెంజ్ ఇంకో రోజు పెట్టుకోండి, రెండూ ఒకే రోజంటే మెట్లెక్కే టైము మిగలదు.