బడి తోటా, సైన్స్ కిట్టా?
3 నుంచి 5వ క్లాసు పిల్లలతో చేతుల్తో ఏదైనా చేయిద్దాం అంటే ఎక్కువగా ఈ రెండే వినిపిస్తాయి. కిట్ అయితే సుఖం, డబ్బా తెరిస్తే అయస్కాంతం, బల్బు, వైరు అన్నీ ఉంటాయి, పీరియడ్ అయ్యేలోపు బల్బు వెలుగుద్ది. కానీ 40 మందికి ఒకటే డబ్బా అయితే ముందు బెంచీవాళ్లే చేస్తారు, మిగతావాళ్లు మెడలు సాచి చూడటమే, మర్నాడు అది బీరువాలో పెట్టి తాళం (పోతే ఎవరు కట్టాలి మరి).

నా ఓటు తోటకే. ఒక్క మెంతి మడి చాలు, విత్తిన 4-5 రోజులకి మొలకలు, నెలలోపే కోత, ఈలోగా రోజూ స్కేలు పెట్టి ఎత్తు కొలిస్తే లెక్కలు, చూసింది రాస్తే తెలుగు, ఆకు కింద పచ్చపురుగు దొరికిందా ఇక పరిసరాల విజ్ఞానం టీచర్ మొదలెట్టక్కర్లేదు, ప్రశ్నలు వాళ్లే మొదలెడతారు. కోసిన కూర మధ్యాహ్నం పప్పులో పడితే మేం వేసిందే అని ఇంకో గరిటె అడుగుతారు కూడా.

వేసవి సెలవుల్లో ఎండిపోద్ది, నిజమే, జూన్‌లో మళ్లీ విత్తుకోవడమే. కరెంటు పాఠానికి మాత్రం తోట పనికిరాదు, దానికి టార్చి బల్బులు, సెల్లులు, కాస్త వైరు విడిగా కొనుక్కోండి, గుంపుకి ఒక సెట్ వస్తుంది.