ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రెండో గేరా, మూడో గేరా, న్యూట్రలా: ఏది మేలు?

తిరుమల కొండ దిగే మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేసింది. సుమారు 19 కిలోమీటర్ల ఆ దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. 1974లో రెండో ఘాట్ రోడ్డు సిద్ధమయ్యాక ఎక్కే బండ్లు దాని మీదుగా వెళ్తున్నాయి, పాత రోడ్డు దిగేవాటికి మిగిలింది. కొండ మీద బయలుదేరిన బండి అలిపిరి చేరడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది దేవస్థానం నిబంధన. లెక్క వేస్తే సగటు వేగం గంటకు 28 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. ఆ వేగం దాటకుండా బండిని పట్టి ఉంచే పని బ్రేకుకు అప్పగించాలా, ఇంజిన్‌కు అప్పగించాలా అన్నది తేల్చుకుంటే, ఏ గేరు వేయాలో దానంతట అదే తేలుతుంది.

ముందుగా న్యూట్రల్ సంగతి. పెట్రోలు కలిసొస్తుందన్న నమ్మకంతో న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కార్బ్యురేటర్ కార్ల కాలంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది, ఎందుకంటే ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీసినా గేరులో తిరుగుతున్న ఇంజిన్ ఎంతో కొంత పెట్రోలు పీల్చుకుంటూనే ఉండేది. ఇంజెక్షన్ ఇంజిన్లు వచ్చాక అది తారుమారైంది. గేరులో ఉండగా ఎక్సలేటర్ పూర్తిగా వదిలితే, బండిని చక్రాలే నడిపిస్తున్నాయని గ్రహించి కారులోని కంప్యూటర్ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఇంజిన్ వేగం ఐడ్లింగ్ దగ్గరికి, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు తిరిగేంత నెమ్మదికి, పడిపోయే దాకా చుక్క పెట్రోలు కూడా లోపలికి పోదు. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా కాలుతూనే ఉంటుంది. అప్పటికప్పటి మైలేజీ చూపే మీటరు మీ కారులో ఉంటే ఇది కళ్లారా చూడవచ్చు: గేరులో కాలు తీసేసి దిగుతున్నంతసేపూ ఆ గీత చివరంటా వెళ్లి నిలబడుతుంది, న్యూట్రల్ వేయగానే కిందికి జారుతుంది.

ఖర్చు మాట అలా ఉంచితే, న్యూట్రల్‌లో బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి ఇంజిన్ కూడా ఆపేస్తారు. అప్పుడు బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ రెండు మూడు తొక్కులతో అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, తాళంచెవి బయటికి తీస్తే కొన్ని కార్లలో స్టీరింగ్ బిగుసుకుపోతుంది కూడా. కొండ దారిలో న్యూట్రల్ ఏ రకంగానూ పనికిరాదని నిస్సంకోచంగా చెప్పగలను.

ఇక నిజమైన పోటీ రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్యే. మూడో గేరు వేసినవాళ్లు తప్పు చేస్తున్నట్టు అనిపించదు, ఎందుకంటే బండి గేరులోనే ఉంటుంది, ఇంజిన్ చప్పుడు లేకుండా నెమ్మదిగా తిరుగుతుంటుంది, ప్రయాణం హాయిగా ఉంటుంది. తేడా అంకెల్లో కనిపిస్తుంది. మన చిన్న పెట్రోలు కార్లలో రెండో గేరు నిష్పత్తి సుమారు 1.9, మూడోది సుమారు 1.3. అంటే గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ రెండో గేరులో నిమిషానికి దాదాపు 2,100 చుట్లు తిరిగితే, మూడో గేరులో 1,400 చుట్లే తిరుగుతుంది. ఎక్సలేటర్ వదిలినప్పుడు బండిని వెనక్కి పట్టేది ఆ తిరుగుడులోని నిరోధమే. ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు లాంటి థ్రాటిల్ మూసుకున్నప్పుడు దాని వెనుక గాలి కోసం పిస్టన్లు పడే పాటు, భాగాల మధ్య రాపిడి కలిసి ఆ నిరోధం పుడుతుంది. పైగా అదే నిరోధం రెండో గేరు ద్వారా చక్రాన్ని చేరేటప్పటికి ఒకటిన్నర రెట్లవుతుంది. ఇంజిన్ ఎక్కువ తిరగడం, ఆ పట్టు ఎక్కువ రెట్లు కావడం రెండూ కలవడం వల్ల, మూడో గేరులో ఉండీ లేనట్టుండే పట్టు రెండో గేరులో స్పష్టంగా తెలుస్తుంది.

ఇంజిన్ పట్టుకోని బరువంతా బ్రేకులకు వేడిగా చేరుతుంది. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోలున్న కారు 700 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ ఎత్తు వల్ల వచ్చే శక్తి 28 లీటర్ల నీళ్లను, అంటే రెండు పెద్ద బకెట్ల నీళ్లను, 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచగలదు. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగిలినదంతా అరచేతిలో పట్టేంత బ్రేకు ప్యాడ్లకు అప్పగిస్తే ఏమవుతుందో నాకు ఒకసారి అనుభవమైంది. నలుగురం ఎక్కి, డిక్కీ నిండా సామానుతో, మూడో గేరులో బ్రేకు మీద కాలు ఆనించే దిగుతున్నాను. సగం దారిలో కాలిన వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీదనుకున్నాను. ఇంకో నాలుగు మలుపులు దాటేసరికి, అప్పటిదాకా రెండు వేళ్ల లోతులో పట్టిన పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి దిగిపోయింది. గబగబా రెండో గేరు, ఆ తర్వాత మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగుతూ రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆపగలిగాను. ముందు చక్రం నుంచి సన్నగా పొగ లేస్తోంది. నీళ్లు పోద్దామని సీసా తీస్తుంటే, వెనక ఆగిన టాక్సీ డ్రైవరు వద్దని ఆపాడు. ఎర్రగా వేడెక్కిన డిస్కు మీద నీళ్లు పడితే వంకరపోతుందట. "సెకండ్‌లో ఏసుకోని దిగండి సార్. బ్రేకు మీద కాలు పెట్టుకోని కూర్చుంటే కాలిపోతాది" అన్నాడు. అరగంట చల్లారనిచ్చి, అతను చెప్పినట్టే మిగతా దారి దిగాను. పెడల్ మళ్లీ గట్టిపడింది, వాసన రాలేదు.

పెడల్ మెత్తబడటానికి కారణం బ్రేకు ఆయిల్ మరగడం. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకున్న తర్వాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, కాలి ఒత్తిడంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది అందుకే. నా కారులో అప్పటికి నాలుగేళ్లుగా మార్చలేదు.

రెండో గేరు మీద వినిపించే అభ్యంతరం ఒక్కటే. ముందు సీటులో కూర్చున్న పెద్దవాళ్లు "ఇంజిన్ ఎందుకయ్యా అలా అరుస్తోంది, గేరు మార్చు" అంటారు. ఆ అరుపుకు భయపడనవసరం లేదు. 6,000 చుట్ల దాకా తిరిగేలా చేసిన పెట్రోలు ఇంజిన్‌కు పెట్రోలే అందని స్థితిలో 2,500 చుట్లు ఏ మాత్రం భారం కాదు. మొదటి గేరు మాత్రం ఈ దారికి అతి అవుతుంది: అదే 30 వేగంలో 3,900 చుట్లు దాటించి బండిని కుదిపేస్తుంది. ఇళ్ల ముందుండే బాగా నిటారైన చిన్న వాలుకో, బ్రేకు పట్టని ఆపదకో దాన్ని దాచుకోవాలి.

"ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు" అని పాత డ్రైవర్లు చెప్పే మాట బరువైన పెద్ద ఇంజిన్ల రోజుల్లో సరిగ్గా సరిపోయేది. ఈ కాలపు ఒక లీటరు టర్బో కార్లు మూడో గేరులో కూడా ఎత్తు లాగేస్తాయి, దిగేటప్పుడు ఆ చిన్న ఇంజిన్ అంత బరువును పట్టలేదు. అలాంటి కార్లకు ఎక్కిన గేరు కంటే ఒకటి తక్కువ వేసుకోవడమే క్షేమం. వాలు తక్కువగా ఉన్న తిన్నని దారిలో మూడో గేరు చాలు. కొలత సులువే: మలుపుల మధ్య తిన్నని చోట బ్రేకు ముట్టకుండానే వేగం నిలకడగా ఉంటే గేరు సరైనది, మాటిమాటికీ ముట్టవలసి వస్తే ఒకటి తగ్గించాలి.

ఆ తగ్గించడం మలుపులో కాకుండా దానికి ముందే జరగాలి. బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వేగం 30కి తెచ్చి, రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా వదిలిన తర్వాతే స్టీరింగ్ తిప్పాలి. క్లచ్ తొక్కి పట్టి మలుపు తిరగడమంటే ఆ కాసేపూ న్యూట్రల్‌లో ఉన్నట్టే. వానలో అయితే క్లచ్ ఇంకా నిదానంగా వదలాలి, లేకపోతే ముందు చక్రాలు తడి రోడ్డు మీద ఒక్క క్షణం జారతాయి.