అమ్రాబాద్ పోతే పులి ఒక్కటే కాదు, మూషిక జింక గురించి కూడా అడగండి

ముందు లాడ్జి సంగతి చెప్తా, ఎందుకంటే ఇంకా కోపం తగ్గలే. అమ్రాబాద్ పులుల అడవి చూద్దామని పోయి అచ్చంపేటల ఉన్నం, లాడ్జి పేరు రాయను. ఫోన్ల ఏసీ రూం 1,400 అన్నరు, తీరా పోయినంక ఏసీ వెయ్యాలంటే ఇంకో 300 అట, వేడినీళ్లు బకెట్‌కు 30. పొద్దున 5కి లేస్తే నల్లాల చుక్క నీళ్లు లేవు, కౌంటర్ పిల్లగాడేమో "మోటర్ ఏడింటికే ఏస్తరు సార్" అని మళ్ల ముసుగు తన్నిండు. మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతోని మాట్లాడలే. మీరు మాత్రం మన్ననూరులో అటవీ శాఖ కాటేజీలే ముందుగాల బుక్ చేస్కోండి.

నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా పోయినం, ఇబ్బంది లేదు.

సఫారీల పులి కనపడలే. బావమరిది మూతి ముడుచుకొని ఫోన్ చూస్కుంట కూసున్నడు. అప్పుడు మా గైడ్, చెంచు పిల్లగాడు, మూషిక జింక ముచ్చట తీసిండు, బావమరిది కూడా ఫోన్ జేబుల పెట్టి విన్నడు. కుందేలంత ఉంటదట, మూడు కిలోల బరువు, కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటయి. రాత్రిపూటే తిరుగుతది, రాలిన పండ్లు తింటది. వేటతోని అడవిలో తగ్గిపోతుంటే 2010ల హైదరాబాద్ నెహ్రూ జూ, సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోయే జీవులను కాపాడే ల్యాబ్) కలిసి పెంచుడు మొదలుపెట్టినయి. కడుపుతోని ఐదు నెలలు మోస్తది, మామూలుగా ఒక్క పిల్లే, కానీ ఈనిన కొన్ని గంటలకే మళ్ల ఎదకు వస్తది, అందుకే జూల మంద తొందరగ పెరిగింది. 2017ల ఇదే అమ్రాబాద్ అడవిలకు తెచ్చిన్రు. తెచ్చి అట్లనే ఇడిసిపెట్టలే, ముందు కంచె లోపల ఉంచి అడవి తిండికి అలవాటు చేసిన్రు. జూల పుట్టినదానికి చిరుతంటే ఏం తెలుస్తది మరి? పెంచుడు కంటే ఈ అలవాటు చేసుడే కష్టమని నాకనిపించింది.

జూ అంటే పిల్లలకు ఏనుగును చూపిచ్చే జాగ అనుకునేటోళ్లకు ఈ ముచ్చట తప్పకుండా చెప్పాలె. మాకు పులి కనపడకున్నా ఆ పొద్దు దండగ కాలే, గైడ్‌కు సంతోషంగ 200 ఇచ్చినం.

మన్ననూరుల జొన్నరొట్టె, నాటుకోడి కూర 160, మస్తుగుంది, మా ఆవిడ అక్కడే నవ్వింది. శ్రీశైలం దిక్కు పోయేటోళ్లు యాదుంచుకోండి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్ట్ గేటు మూస్తరు.