సంక్రాంతికి కుక్కను బోర్డింగ్‌లో పెడుతున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్ నుంచి పండక్కి ఊరెళ్తూ కుక్కను బోర్డింగ్‌లో వదిలేవాళ్లందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. మాకు చూపించిన చోటు ఒకటి, మా బ్రూనోని ఉంచిన చోటు ఇంకొకటి. ఇంటికొచ్చిన కొన్నాళ్లకు వాడికి టిక్ ఫీవర్, అంటే పిడుదు కాటుతో వచ్చే జ్వరం, బయటపడింది. ప్రాణం దక్కింది గానీ, వాడు పడిన బాధ ఇంకో కుక్క పడకూడదని రాస్తున్నాను.

మాది కోనసీమ. కుక్కను రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే (తలుపున్న చిన్న గది) మొత్తం మన పేర దొరకాలి, లేదంటే సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో పెట్టాలి. సంక్రాంతి రద్దీలో కూపే దొరకడం కల్ల. అందుకే ఊరి చివర, బాగా పేరున్న ఒక బోర్డింగ్ చూసుకున్నాం. టైల్స్ వేసిన గదులు, పెద్ద లాన్, రోజుకు 900 రూపాయలు. ముందొకసారి పగలంతా ట్రయల్ ఉంచితే వాడు హాయిగా ఆడుకుని వచ్చాడు. వాడు తినే తిండి పూటకో పొట్లం చొప్పున కట్టి, వాడి పాత దుప్పటి, వ్యాక్సిన్ కార్డు తీసుకుని వెళ్లి అప్పజెప్పాం. కౌంటర్‌లో అబ్బాయి కార్డు తెరిచి చూడలేదు, పక్కన పెట్టేశాడు. మీకు ఇలా జరిగితే అక్కడే ఆగిపోండి. మీ కార్డు చూడనివాళ్లు పక్క గదిలో కుక్క కార్డు కూడా చూసి ఉండరు.

భోగి సాయంత్రం వాట్సాప్‌లో వీడియో వచ్చింది. లాన్‌లో బ్రూనో బంతి వెనక పరిగెడుతున్నాడు. అందరం చూసి మురిసిపోతుంటే మా అమ్మాయి ఒక్కసారిగా, "అమ్మా, వీడికి ఎర్ర కాలర్ ఉందేంటి?" అంది. ట్రయల్ అయ్యాక ఆ ఎర్రది తీసేసి, మా ఫోన్ నంబర్ చెక్కించిన బిళ్లతో నీలం కాలర్ వేశాం. అంటే అది ట్రయల్ రోజు తీసిపెట్టుకున్న వీడియో. వెంటనే వీడియో కాల్ చేయమని అడిగితే సిగ్నల్ లేదన్నారు, తర్వాత స్టాఫ్ సెలవన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ పండగ మాకు పండగలా గడవలేదు.

తిరిగి వెళ్లేసరికి బ్రూనో లోపలి నుంచి రాలేదు. "పది నిమిషాలు కూర్చోండి సార్" అని మమ్మల్ని కూర్చోబెట్టాక, బయటి నుంచి వ్యాన్‌లో వచ్చాడు. రద్దీ ఎక్కువై కొన్ని కుక్కల్ని "మా వాళ్ల ఇంటికి" పంపామని అప్పుడు ఒప్పుకున్నారు. ముందు చెప్పలేదు, అడగలేదు. మేం కట్టిచ్చిన పొట్లాలు సగానికి పైగా విప్పకుండానే తిరిగొచ్చాయి. ఇంట్లో కూర్చోబెట్టి చూస్తే చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో పిడుదులు. రక్తం తాగి నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. మా ఆయన ఒక్కొక్కటీ చిమటాతో తీస్తుంటే వాడు కదలకుండా పడుకున్నాడు. మామూలుగా కాలు ముట్టుకోనివ్వడు.

ఇక్కడ అందరూ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. టిక్ ఫీవర్ వచ్చిన రోజే కనబడదు. ఎర్లికియా అనే బ్యాక్టీరియా పిడుదు కాటుతో ఒంట్లోకి చేరాక లక్షణాలు తెలియడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఈలోపు బోర్డింగ్ సంగతి మనం మర్చిపోతాం, చలికి తినట్లేదేమో అనుకుంటాం. బ్రూనో ముందు తిండి మానేశాడు, తర్వాత జ్వరం, ఒకరోజు పొద్దున ముక్కు నుంచి రక్తం. రక్త పరీక్షలో, 2 లక్షలకు పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 28 వేలకు పడిపోయాయి. డాక్టరు గారు డాక్సీసైక్లిన్ 4 వారాలు వాడించారు. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుందని గట్టిగా చెప్పారు. ఇప్పుడు కోలుకున్నాడు.

బోర్డింగ్ ఓనర్‌ని నిలదీస్తే, "మీ ఇంట్లోనే అంటుకుందేమో" అన్నాడు. "ఏం జరిగినా మాకు బాధ్యత లేదు" అన్న ఫారం మీద సంతకం చూపించాడు. ఆ ఒక్క లైనుతో నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. చెప్పకుండా వేరే చోటికి పంపడం సేవాలోపమే. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు రాసుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. మేం వేశాం, నడుస్తోంది. అందుకే ఆ చోటు పేరు రాయడం లేదు. రసీదు, వాట్సాప్ మాటలు, ల్యాబ్ రిపోర్టు దాచుకోండి. అప్పజెప్పే రోజు, తెచ్చుకునే రోజు కుక్కను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి.

చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు లాన్ చూసి మోసపోవద్దు. రాత్రి వాడు పడుకునే గది చూపించమనండి. గోడ పగుళ్లు, మంచాల సందులు చూడండి, పిడుదులు దాక్కునేది అక్కడే. బయటికి పోయే దారిలో ఒకదాని తర్వాత ఒకటి రెండు గేట్లు ఉన్నాయో లేదో చూడండి, ఒక్క గేటే ఉంటే తెరిచిన క్షణంలో పారిపోతాయి. పండగ రోజుల్లో ఎన్నింటిని తీసుకుంటారు, రాత్రి మనిషి ఎవరుంటారు, ఎక్కువైతే వేరే చోటికి పంపుతారా అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. పగటి ట్రయల్‌తో ఏమీ తెలియదు, ఒక రాత్రి ఉంచండి. వీడియో పంపితే అందులో ఆ రోజు తారీఖు పైకి చెప్పమనండి. నిజంగా చూసుకునేవాళ్లు దీనికి విసుక్కోరు.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. ఏటా వేయించే కలిపిన టీకాలో కెన్నెల్ కాఫ్‌ది (కుక్కలు గుంపుగా ఉన్నచోట అంటుకునే దగ్గుకు వేసేది) సాధారణంగా ఉండదు. ముక్కులో వేసేది విడిగా అడిగి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించండి. పిడుదులకు మేం మెడమీద చుక్కలుగా వేసే మందు వేసి పంపాం. బోర్డింగ్‌కి పంపేటప్పుడు నమిలే మాత్ర నయమని మా డాక్టరు గారు తర్వాత చెప్పారు, మీ డాక్టర్ని అడగండి. తిండి మాత్రం ఇంటిదే కట్టివ్వండి, ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. తిరిగొచ్చాక మూడు వారాల పాటు తిండి, చిగుళ్ల రంగు గమనిస్తూ ఉండండి. పాలిపోయినట్టుంటే అదే రోజు రక్త పరీక్ష చేయించండి.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లు ఈ వారంలోనే ఒకసారి చెప్పకుండా, రాత్రి ఎనిమిది దాటాక వెళ్లి లోపల చూపించమనండి. చూపించకపోతే ఆ డబ్బు పోయినా పర్లేదు, కుక్కను అక్కడ వదలొద్దు.