బాహా బగ్ కొంటున్నారా? వెనక సీటు కింద చూడకుండా డబ్బు ఇవ్వకండి (నాకు 9,200 డాలర్లు పోయాయి)

ముందే ఒప్పేసుకుంటున్నాను, తప్పులో సగం నాది. మిగతా సగం ఎవరిదో చదివితే మీకే తెలుస్తుంది. అమ్మినవాడి పేరు, షాపు పేరు రాయడం లేదు. స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో (చిన్న మొత్తాల తగాదాలు చూసే కోర్టు) కేసు వేశాను, అదొకటి. ఇలాంటి బండ్లు అమ్మేది అతనొక్కడే కాదు, అది రెండోది.

మా ఆఫీసులో నలుగురం తెలుగువాళ్లం. శాన్ డియాగో నుంచి రెండు గంటలు తూర్పుకి పోతే ఒకోటిల్లో వెల్స్ ఎడారి, ఇంకాస్త ముందుకెళ్తే గ్లామిస్ ఇసుక దిబ్బలు. రెండేళ్లు వాళ్ల జీపుల్లో పక్క సీట్లో కూర్చుని ఒళ్లు హూనం చేసుకున్నాక నాకూ సొంతంగా ఒకటి కావాలనిపించింది. అదీ జీపు కాదు, బాహా బగ్. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని ముందూ వెనకా కోసేసి, పొట్టి ఫైబర్ ముక్కు పెట్టి, మడ్‌గార్డులు కత్తిరించి, ఇంజన్ బయటికి కనపడేలా వదిలేసి, పెద్ద టైర్లు వేస్తారే, అది. చిన్నప్పుడు మా నాన్న బీటిల్‌ని తాబేలు కారు అనేవాడు. డొప్ప సగం ఊడిన తాబేలు అనుకోండి.

ఈ పిచ్చి పుట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. న్యూపోర్ట్ బీచ్‌లో పడవల పని తెలిసిన బ్రూస్ మేయర్స్ 1964లో బీటిల్ సామాన్లతో ఫైబర్‌గ్లాస్ బండి కట్టి మేయర్స్ మాంక్స్ అని పేరు పెట్టాడు. 1967లో మెక్సికోలోని లా పాజ్ నుంచి టిహువానా దాకా, రోడ్డే సరిగ్గా లేని దారిలో, 34 గంటల 45 నిమిషాల్లో తోలి మోటార్ సైకిళ్ల రికార్డు కొట్టాడు. అదే ఏడాది మొదలైన మెక్సికన్ 1000 రేసు గెలిచిందీ మాంక్సే. బీటిల్‌కి ఇంజన్ వెనకే, బరువు ఎక్కువగా వెనక చక్రాల మీద ఉంటుంది కాబట్టి ఇసుకలో పట్టు దొరుకుతుంది. గాలితో చల్లబడే ఇంజన్, రేడియేటర్ పగిలే బాధ లేదు. అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుంది. ఇవన్నీ నిజమే. నేను మోసపోయింది వీటి దగ్గర కాదు.

ప్రకటనలో బండి పసుపు రంగులో ధగధగా మెరుస్తోంది. “1968 బీటిల్, కొత్తగా కట్టిన 1776 సీసీ ఇంజన్, ఫుల్ రోల్ కేజ్, టైటిల్ చేతిలో ఉంది.” (రోల్ కేజ్ అంటే బండి తిరగబడితే మనల్ని కాపాడే ఇనప పైపుల చట్రం, టైటిల్ అంటే మన ఆర్సీ లాంటి ఓనర్ కాగితం.) వెళ్లేసరికి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాడు. స్టింగర్ సైలెన్సర్ మోతకి నా బుర్ర అక్కడే పని చేయడం మానేసింది. ఇంజన్ ముందే వేడెక్కించి ఉంచాడంటే చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో మనకి చూపించదలచుకోలేదని అర్థం. ఇది నాకు తర్వాత తట్టింది.

టైటిల్ మీద అతని పేరు లేదు. అంతకుముందు ఓనర్ సంతకం ఉంది, కొన్నవాళ్ల పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. “డీఎంవీకి వెళ్లే తీరిక దొరకలేదు బ్రదర్, నీ పేరు రాసేసుకో” అన్నాడు (డీఎంవీ అంటే ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు). రాసేసుకున్నాను! ఊళ్లో సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొన్నా ఆర్సీలో పేరు ఎవరిదో చూసే మనిషిని, ఇక్కడ తొమ్మిది వేల డాలర్ల బండికి చూసీ ఊరుకున్నాను. రసీదులో ఎలా ఉన్నది అలాగే అమ్మాను, తర్వాత నాకు సంబంధం లేదని ఒక లైను ఉంది. దాని కిందా సంతకం పెట్టాను.

మొదటి ట్రిప్పులోనే బండారం బయటపడింది. ఒకోటిల్లో వెల్స్‌లో గట్టిగా ఉన్న వాగు అడుగు మీద పోతున్నాం. వేగం గంటకి పాతిక మైళ్లు కూడా లేదు. చిన్న గుంతలో దిగి లేచేసరికి ముందు కుడివైపు టప్‌మని శబ్దం, స్టీరింగ్ ఒక పక్కకి లాగేసింది. దిగి చూస్తే షాక్ అబ్జార్బర్ పై బిగింపు ముందు బీమ్ (ముందు చక్రాలని మోసే అడ్డ దూలం) నుంచి రేకుతో సహా చిరిగి వచ్చేసింది. చిరిగిన అంచున సగం మెరుస్తోంది, సగం ఎర్రగా తుప్పు పట్టి ఉంది. అంటే పాత పగులు. దాని మీద రంగేసి అమ్మాడు. టోయింగ్‌కి 380 డాలర్లు.

బండిని చులా విస్టాలో ఒక మెక్సికన్ పెద్దాయన షెడ్డుకి చేర్చాను. ఆయన బీటిల్ అనడు, వోచో అంటాడు. 2003 దాకా మెక్సికోలోని ప్వెబ్లాలో ఇవి తయారయ్యాయి కాబట్టి ఆయనకి ఈ కార్లు కొట్టిన పిండి. ఏ పరికరమూ తీయలేదు. స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో అడుగు రేకంతా కొట్టుకుంటూ పోయాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్, డబ్. ఆ డబ్ అన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోయింది. సరిగ్గా బ్యాటరీ కింద, వెనక సీటు కుడి పక్క. బీటిల్‌కి బ్యాటరీ అక్కడే ఉంటుంది, యాసిడ్ కారి ముందు తినేసేది ఆ మూలనే. పైన నల్ల తారు పూత, దాని కింద ఫైబర్ గుడ్డ, లప్పం, ఆ కింద రేకు లేదు. పైన పటారం లోన లొటారం అంటారే, నా కాళ్ల కింద అక్షరాలా అదే.

తర్వాత ఇంజన్ కప్పీ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. టక్కుమని కదిలింది. ఆ కప్పీ బిగించి ఉండే క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) ఆ దిశలో 0.15 మిల్లీమీటర్లు దాటి ఆడకూడదు, అంటే చేతికి దాదాపు తెలియనే తెలియకూడదు. హెడ్లు విప్పించాను. 1776 సీసీ కావాలంటే పిస్టన్ వ్యాసం 90.5 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది 85.5. అంటే కంపెనీ నుంచి వచ్చిన మామూలు 1600, దానికే కొత్త క్రోమ్ మూతలు తొడిగాడు. రోల్ కేజ్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రేసు బండ్లలో కేజ్‌కి మామూలుగా వాడే పైపు గోడ మందం 0.120 అంగుళం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు. దీనికి చిన్న కన్నం వేసి చూస్తే అందులో సగం కూడా లేదు. పైగా ఆ తుప్పు రేకుకే నేరుగా అతికించాడు, కింద ప్లేటన్నది లేదు. ఆ బండిలో నా పక్కన మా అబ్బాయి కూర్చున్నాడు.

ఇదంతా ఒక ఎత్తు, నంబర్ ఒక ఎత్తు.

బీటిల్‌కి అసలు ఛాసీ నంబర్ వెనక సీటు కింద, మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే సొరంగం లాంటి భాగం మీద కొట్టి ఉంటుంది. నా బండిలో అక్కడ మందంగా నల్ల రంగు. పెద్దాయన థిన్నర్ గుడ్డతో తుడిచి, వైరు బ్రష్‌తో రుద్దాడు. టైటిల్ మీద నంబర్ 118తో మొదలవుతుంది. ఇక్కడ తేలింది 113. మొదటి రెండు అంకెలు బీటిల్ అని, మూడోది మోడల్ ఏడాది. 118 అంటే 1968, ఈ 113 అంటే 1973. పైన బాడీ ఒక బండిది, కింద ఛాసీ ఇంకో బండిది, కాగితం మాత్రం పైనున్న బాడీది.

ఇది కొనే రోజే కనిపెట్టొచ్చని ఆయన అన్నప్పుడు సిగ్గేసింది. అమెరికాలో అమ్మిన మామూలు గేర్ల బీటిల్‌కి 1968 దాకా వెనక స్వింగ్ యాక్సిల్ ఉండేది. గేర్‌బాక్స్ నుంచి చక్రం దాకా ఒకటే గొట్టం, గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే రబ్బరు తొడుగు. 1969 నుంచి ఐఆర్ఎస్, అంటే ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్. ఒక్కో పక్క షాఫ్టుకి రెండు చివరలా జాయింటు, రెండు రబ్బరు తొడుగులు. నా ‘1968’ బండి కింద చక్కగా నాలుగు తొడుగులు ఉన్నాయి. పాతదాన్ని వెల్డింగ్ చేసి ఐఆర్ఎస్‌కి మార్చుకునేవాళ్లూ ఉన్నారు, కానీ అప్పుడు ఆ వెల్డింగ్ గుర్తులు కనపడాలి. నేను కిందకి వంగి చూస్తే గదా!

డీఎంవీలో నంబర్ తేడా చెప్పగానే కాగితాలు వెనక్కి ఇచ్చి హైవే పెట్రోల్ వాళ్ల దగ్గరికి పంపారు. అపాయింట్‌మెంట్ వచ్చేదాకా నాకు నిద్ర లేదు. దొంగబండి అని తేలితే అక్కడే స్వాధీనం చేసుకుంటారని అందరూ భయపెట్టారు. అదృష్టం బాగుండి దొంగతనం రికార్డులో లేదు. కానీ 113 నంబర్‌కి ఓనర్ ఎవరో తెలిపే కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు కాబట్టి ష్యూరిటీ బాండ్ (రేపు అసలు ఓనర్ వస్తే నష్టం కట్టే పూచీ) కట్టమంటున్నారు. బండి గ్యారేజీలో విప్పేసి ఉంది. మా ఆవిడ కారు వీధిలో ఉంటోంది. ఆ విషయం రోజూ వింటున్నాను.

కాబట్టి ఎవరైనా చూడ్డానికి వెళ్తుంటే టార్చి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్, వైరు బ్రష్, పడుకోవడానికి ఒక అట్ట తీసుకెళ్లండి. వస్తున్నానని చెప్పేటప్పుడే ఇంజన్ ముట్టుకోవద్దని చెప్పండి, వెళ్లగానే చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. రేకుకి అయస్కాంతం అంటుకోని చోట లప్పమో ఫైబరో ఉన్నట్టే (ముక్కు, మడ్‌గార్డులు ఎలాగూ ఫైబరే, వాటి గురించి కంగారు పడకండి). ముందు బీమ్ మీద షాక్ బిగించే కొమ్ముల మొదట్లో టార్చి వేసి పగుళ్ల కోసం చూడండి. బాల్ జాయింట్ బీమ్ (చక్రం గుండ్రటి కీళ్ల మీద తిరిగే రకం) అయితే అక్కడ అదనపు ప్లేట్లు వెల్డింగ్ చేసి ఉండాలి, లేకపోతే ఆ బండి ఎడారి మొహం చూడలేదన్నమాట. సీటు ఎత్తి నంబర్ మీ కళ్లతో చదవండి. రంగు గీకనివ్వకపోతే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి. టైటిల్ మీద పేరూ, అమ్మేవాడి లైసెన్సు మీద పేరూ ఒకటి కాకపోతే ఎంత తగ్గించినా వద్దు. నాకు 800 తగ్గించాడు.

కేసులో తేదీ ఇంకా రాలేదు. కాలిఫోర్నియాలో స్మాల్ క్లెయిమ్స్‌లో మనలాంటి మామూలు మనిషి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, లాయర్ అక్కర్లేదు. పెద్దాయన ఫొటోలు తీసి, ఏది ఎందుకు తప్పో ఒక పేజీ రాసిచ్చాడు, స్పానిష్‌లో. తర్జుమా చేయిస్తున్నాను.

పోయిన వారం అదే మనిషి ఇంకో బండి పెట్టాడు. ఈసారి నీలం రంగు, “1967”, మళ్లీ 1776 ఇంజన్, ఫొటోలో వెనకున్న గోడ అదే. మా కొలీగ్ ఫోన్ నుంచి మెసేజ్ పెట్టించాను, వెనక సీటు కింద సొరంగం ఫొటో ఒక్కటి పంపమని. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఫొటోలు ఉన్నవి చాలు, ముందు వచ్చినవాడికే బండి, క్యాష్ మాత్రమే అని.